పత్తి గోదాములో కంప్యూటరు బేరం

ఇక్కడ రాయబోయే ప్రతి మాటా అక్షరాలా నిజమని నా కుడి మోకాలి మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను. అందరూ తల మీద పెడతారు కదా, నువ్వేమిటి మోకాలి మీద అంటారేమో. నా తల మీద పెట్టిన ఒట్లకు మా ఊళ్ళో విలువ పోయి చాలా ఏళ్ళయింది. మోకాలు మాత్రం ఈ సంగతిని కళ్ళారా చూసిన సాక్షి. (మోకాలికి కళ్ళెక్కడివని అడగకండి. మొదటి పేరాలోనే అడ్డం తగిలితే నేను ముందుకు సాగలేను.)

ఆ రోజుల్లో, అంటే తొంభైలు అప్పుడప్పుడే మొదలైన రోజుల్లో, మా జమ్మికుంటలో కంప్యూటరును చూసినవాళ్ళకంటే చూశామని చెప్పుకునేవాళ్ళే ఎక్కువ. నేను ఆ రెండో గుంపుకు పెద్దమనిషిని. డిగ్రీ పరీక్షలకని కరీంనగర్ వెళ్ళి వచ్చినప్పుడల్లా ఏదో ఒక కొత్త సంగతి మోసుకొచ్చేవాణ్ని. దాని గదిలోకి చెప్పులతో పోతే అది అలిగి పని మానేస్తుందనీ, పక్కన ఎవరైనా తుమ్మితే దానికి రోగం అంటుకుంటుందనీ, ఒక ఆఫీసులోనైతే ఆపరేటరుకు జ్వరం వస్తే సెలవు చీటీ అదే రాసి పెట్టిందనీ చెప్పేవాణ్ని. హోటల్లో నా చాయ ఖర్చు ఎప్పుడూ వినేవాళ్ళదే కాబట్టి, చదివిన చదువు నాకు అక్కరకు రాలేదని అనడానికి లేదు. చదువు అయిపోయింది, ఉద్యోగం రాలేదు. ఆ మధ్యకాలంలో నేను చేసిన బుద్ధిగల పని ఒక్కటే: వేసవిలో పత్తి అంతా అమ్ముడై మా మేనమామ గోదాము ఖాళీగా పడి ఉంటే, అందులో సాయంత్రం బడి పెట్టాను. పగటి బడి వదలగానే చుట్టుపక్కల గల్లీల పిల్లలు పుస్తకాల సంచులతో సహా వచ్చి గచ్చు మీద కూర్చునేవారు. నేను లెక్కలు చెప్పేవాణ్ని, లెక్క తప్పితే కథ చెప్పేవాణ్ని. వాళ్ళ తల్లిదండ్రులు నన్ను ‘గా ఖాళీ పోరడు’ అనేవారు. ప్రపంచం మొత్తం మీద నన్ను ‘సార్’ అని పిలిచింది ఆ పిల్లలొక్కరే. ఆ పిలుపు వినడానికి పొద్దున లేచినప్పటి నుంచీ సాయంత్రం కోసం ఎదురు చూసేవాణ్నంటే మీరు నవ్వుతారు. నవ్వండి, నిజం.

మా మామ మార్కెట్ యార్డులో రైతుల దగ్గర పత్తి కొనే అడ్తి వ్యాపారి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఒకరోజు గోదాము గుమ్మంలో నిలబడి, నేను గాలిలో చేతులూపుతూ భూభ్రమణం చెప్పడం చాలాసేపు చూశాడు.

“పోరగాండ్లు మంచిగనే వస్తున్నరు అల్లుడా. వాళ్ళకు కొత్త చదువు చెప్పే మిషన్ ఏదన్నా ఉంటె చూడు. బజారోళ్ళం కలిసి ఒకటి కొంటం. ఒకటే! ఏది పనికొస్తదో ముందుగాల చూస్తం. కని ఒక్క మాట. దసరకు పత్తి దిగుతది. గా లోపల నీ బడి నిలబడ్డదా, గోదాముల సగం నీదే. నిలబడలే అనుకో, బోరాలు గోదాముల, నువ్వు కాంటా కాడ.”

కాంటా కాడ అంటే గోదాములోనే ఒక పక్కనున్న తూకం యంత్రం దగ్గర స్టూలు మీద. పత్తి నింపిన గోనె బోరెం ఎక్కుతుంటే, దిగుతుంటే చూస్తూ, తూకం తప్పకుండా, రోజంతా నోరు మూసుకొని కూర్చోవాలి. నోరు మూసుకొని!

ఇక్కడ మామ బేరం చేసే పద్ధతి ఒకటి చెప్పాలి. పత్తి బండి యార్డులోకి వచ్చినప్పుడు పైన తెల్లగా మెరిసిపోతూ ఉంటుంది. ఆ మెరుపు మామకు అక్కర్లేదు. చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, బండి నడుమన నిలువునా చెయ్యి దించి, లోపలి నుంచి గుప్పెడు పత్తి లాగేవాడు. దాన్ని చెంపకు ఆనించుకొని తడి చూసేవాడు, బొటనవేళ్ళతో సాగదీసి పోగు చూసేవాడు. అదీ సాంపిలు. ఆయన చెయ్యి నడుమలోకి పోతుంటే రైతు ముఖం చూడాలి, పరీక్ష ఫలితాల్లో నెంబరు వెతుక్కునే పిల్లాడిలా ఉండేది. ఈ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చింది. పచ్చడి వడ్డిస్తే జాడీ నడుమ నుంచి వెయ్యమనేవాడు. (పెళ్ళిచూపులకు పోయినప్పుడు వరుసగా కూర్చున్న ముగ్గురు అక్కచెల్లెళ్ళలో నడిమి ఆమెనే అడిగాడని చెబుతారు. మా అత్త నడిమి ఆమే.)

మిషన్ ఉందంటూ మొదట వచ్చినవాడు దుబాయి బావ. మా వీధివాడే. అందరినీ బావా అని పిలుస్తాడు కాబట్టి అందరికీ బావే. దుబాయి నుంచి తెచ్చిన టీవీ, వీసీఆర్ రెండూ రిక్షాలో పెట్టుకొని, ఇంగ్లీషు పాఠాల క్యాసెట్ ఒకటి చంకలో పెట్టుకొని వచ్చాడు. తెర మీద ఒక తెల్లదొర ఆపిల్ పండు పట్టుకొని దాని పేరు మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు. పిల్లలు కిక్కురుమనలేదు. నేను నెలల తరబడి సాధించలేని నిశ్శబ్దం అది. నాకు ఒకపక్క సంతోషం, ఒకపక్క ఆ దొర మీద కొంచెం కోపం.

“మొదలు మంచిగనే ఉన్నది,” అన్నాడు మామ. “ఇగ నడుమ పెట్టు.”

దుబాయి బావ ముఖం పత్తి రైతు ముఖమైంది. “నడుమ ఎందుకు సేటూ? పాఠమన్నంక వరుసగ చూడాలె గద.”

“నువ్వు పెట్టు.”

క్యాసెట్ గిర్రున తిరిగి నడుమన ఆగింది. ఆపిల్ లేదు, దొర లేడు. బ్యాండు మోగుతోంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని, నోట్లో రుమాలు కరుచుకొని, పెళ్ళి జీపు ముందు ఎవరో నడుం విరిగేలా ఎగురుతున్నారు. పిల్లలు ఒక్కసారిగా లేచారు.

“సార్, గాయినె మన బావ!”

“మా చిన్నమ్మ! గా ఎర్ర చీర మా చిన్నమ్మ!”

“మా తమ్ముని పెండ్లి,” అన్నాడు బావ తల గోక్కుంటూ. “ఖాళీ క్యాసెట్ దొరకలే. జరంత దాని మీద ఎక్కిచ్చినం. ఫికర్ చెయ్యకుండ్రి, ఆఖరుకు మల్ల దొర వస్తడు.”

మామ నవ్వలేదు. “పైన పాఠం, లోపల పెండ్లి,” అని లేచి వెళ్ళిపోయాడు. పిల్లలు మాత్రం అప్పగింతల దాకా చూశారు. గోడ పక్కనే ఇల్లు కావడంతో మా అత్త కూడా వచ్చి, ఎవరి పెళ్ళో తెలుసుకోకుండానే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నా బడి చరిత్రలో అంత నిండుగా సాగిన పాఠం ఇంకొకటి లేదు. కానీ ఒక మిషన్ పోయింది. యార్డులో అప్పుడే కొత్త పత్తి గురించి మాటలు మొదలయ్యాయి.

మిగిలింది కంప్యూటరు. దాన్ని కరీంనగర్ నుంచి కంప్యూటర్లు అమ్మే టై సారు ఒకాయన జీపులో తెచ్చాడు. మెడలో ఎర్ర టై, చేతిలో తోలు పెట్టె. కంప్యూటరు మాత్రం దుప్పట్లో చుట్టుకొని, కొత్త కోడలిలా తల వంచుకొని దిగింది. ఆయన గోదాములోకి అడుగు పెట్టగానే పైకి చూశాడు. దూలాలకు ఏళ్ళ తరబడి పట్టిన పత్తి నూగు, ఫ్యాను వేయగానే సన్నగా రాలుతోంది.

“ఇంత డస్టులో సిస్టం పెట్టకూడదండీ,” అన్నాడు టై సారు. “ముందు అందరూ చెప్పులు బయట విప్పండి.”

“పత్తి గోదాముల నూగు లేకుంటె ఇంకేముంటది సారూ?” అన్నాడు మామ. “అల్లుడా, లోపలికెళ్ళి గొడుగు తే.”

ఆ విధంగా నేను జీవితంలో మొదటిసారి కంప్యూటరును దగ్గర నుంచి చూసింది, దాని మీద గొడుగు పట్టుకొని, ఊరేగింపులో దేవుడికి పట్టినట్టు. (ఇన్నాళ్ళూ నేను చెప్పిన కథలన్నీ విన్న హోటలు మిత్రులు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. ఒకడు కావాలని తుమ్మాడు.)

టై సారు ముందు వరుసలో బట్టలు నలగకుండా కూర్చున్న పిల్లాణ్ని పిలిచాడు. వాడు మా ఫస్టు ర్యాంకు. తెర మీద చిన్న బాణం గుర్తు ఉంది. దాన్ని తాబేలు అంటారట. ముందుకు పొమ్మంటే గీత గీసుకుంటూ పోతుంది, తిరగమంటే తిరుగుతుంది, చెప్పకపోతే ఉన్నచోటే ఉంటుంది. ఫస్టు ర్యాంకు, సారు చెవిలో చెప్పింది చెప్పినట్టు కొట్టాడు. తాబేలు పెట్టె ఆకారం గీసింది. తలుపు దగ్గర చప్పట్లు.

మామ చొక్కా చెయ్యి మడవడం మొదలుపెట్టాడు.

“పై సరుకు చూసినం,” అంటూ కంప్యూటరు వెనక్కి వెళ్ళి, దాని వీపు వెనక ఇనుప రేకుల సందులో వేళ్ళు పెట్టబోయాడు. టై సారు కేక వేశాడు. “అయ్యయ్యో! షాక్ కొడుతుందండీ! ఏం చేస్తున్నారు?”

“తడి చూస్తున్న సారూ, పరేషాన్ గాకు.” అరచెయ్యి దాని వీపు మీద ఆనించి, కళ్ళు మూసుకొని, కాసేపు ఆగాడు. “ఎచ్చగున్నది. తడి లేదు. సరుకు మంచిదే.” టై సారు నుదురు తుడుచుకున్నాడు. కానీ మామ మడిచిన చొక్కా చెయ్యి దించలేదు. పిల్లల వైపు తిరిగాడు. “ఇగ వీళ్ళల్ల సాంపిలు తియ్యాలె” అని, కిక్కిరిసి కూర్చున్న పిల్లల నడుమన భుజం దాకా చెయ్యి దించి, అందిన చెయ్యి పట్టుకొని పైకి లాగాడు.

వచ్చింది మెల్లమ్మ.

అది పిల్లలు పెట్టిన పేరు. ఆ అమ్మాయి గొంతు నేను అప్పటిదాకా వినలేదు. ఏదైనా అడిగితే పక్క పిల్ల చెవిలో చెప్పేది, పక్క పిల్ల నాకు చెప్పేది. నా బడిలో అందరికంటే నడుమన, అందరి వీపుల వెనక, కనబడకుండా కూర్చోవడంలో ఆరితేరింది. ఇంతమందిలో ఈమే దొరకాలా అని నేను గొడుగు కిందే దిగులుపడ్డాను.

టై సారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, “తాబేలు ముందుకు పోవాలంటే ఎఫ్ కొట్టు. ఎఫ్ అమ్మా. అది కాదు, పక్కది. ఇప్పుడు డి. స్పేసు. స్పేసు అంటే పొడుగుది. అబ్బా, నంబరు కొట్టు!” అంటూ, ఆమె వేలు అక్షరాల మీద దారి తప్పి తిరుగుతుంటే ఓపిక పట్టలేక, చెయ్యి పక్కకు తోసి తానే టకటకా కొట్టేశాడు. తాబేలు పరుగెత్తింది. “ఇదిగో, వచ్చేసింది! చూశారా, ఎంత ఈజీయో!”

“వచ్చింది నీకు సారూ,” అన్నాడు మామ. “పొల్లకేం వచ్చింది?”

మెల్లమ్మ తన కాలి బొటనవేలు చూసుకుంటోంది. మామ చొక్కా చెయ్యి దించి గుండీ పెట్టుకున్నాడు. యార్డులో ఆయన ఆ గుండీ పెట్టుకున్నాడంటే బేరం అయిపోయినట్టే, బండి వెనక్కి తిప్పుకోవలసిందే. “అల్లుడా, హమాలోళ్ళకు చెప్త. గోదాము ఊడ్పియ్యాలె,” అన్నాడు నా వైపు చూడకుండా. సరిగ్గా అప్పుడే కరెంటు కూడా పోయింది. తాబేలు ఆరిపోయింది. మామ మర్యాద తప్పని మనిషి కాబట్టి టై సారును చాయకు తీసుకుపోయాడు. నేను మూసిన గొడుగుతో మిగిలాను. పిల్లలు నావైపు చూస్తున్నారు, సార్ ఏదో ఒకటి చెబుతాడని.

నిజానికి నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. కానీ ఏమీ లేనప్పుడు కూడా మాట్లాడడం నాకు చిన్నప్పటి జబ్బు. “నేనే తాబేలు,” అన్నాను.

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. గోదాము రెండు రెక్కల తలుపు బార్లా తీశాను, పొద్దు ఇంకా బాగానే ఉంది. అత్త గడప మీది ముగ్గు డబ్బా ఎత్తుకొచ్చాను. వంచి పట్టుకొని నడిస్తే నా వెనక తెల్ల గీత పడుతుంది. “మెల్లమ్మా, చెప్పు. నన్ను ఎటు పొమ్మంటే అటు పోత. ఆగుమంటె ఆగుత. నువ్వు చెప్పకపోతె మాత్రం ఆగ.”

ఆమె పెదవులు కదిలాయి.

“తాబేలుకు వినపడలే.”

“ముందుకు,” అంది, దోమ రొద చేసినట్టు. నడిచాను. ముగ్గు రాలుతోంది. నడుస్తూనే ఉన్నాను. ఎదురుగా కాంటా, ఇనుపది, నా పేరున ఎదురు చూస్తున్నది. పిల్లలు అరుస్తున్నారు. “సార్, కాంటా! సార్, ఆగుండ్రి!” నేను నడుస్తూనే, “మీ మాట తాబేలు వినదు. ఆమె చెప్పాలె,” అన్నాను. ఠంగుమంది. మోకాలు పట్టుకొని కుంటుతూ కూడా నడిచాను. ఇప్పుడు ఎదురుగా గోడ. గోడ దగ్గరికొస్తోంది. మెల్లమ్మ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. గోడకు నా ముక్కు ఇక బెత్తెడు ఉందనగా, ఆ చేతులు తీసేసింది.

“ఆగుండ్రి సార్!”

దూలాల మీది పావురాలు లేచిపోయాయి. ఆ గొంతు ఎవరిదని పిల్లలంతా వెనక్కి తిరిగి చూశారు. నేను ఒంటికాలి మీద ఆగాను. “ఇప్పుడు?” అన్నాను. “కుడికి తిరుగుండ్రి!” “ఎంత తిరగాలె?” “తలుపు దిక్కుకు!” “తిరిగిన.” “ఇగ నడువుండ్రి... ఆగుండ్రి! మల్ల కుడికి!” పెట్టె ఆకారం తయారైంది. ఆమె దాన్ని చూసింది. రోజూ తెల్లవారి వాకిట్లో ముగ్గు పెట్టే చెయ్యి కదా, ఏం చెయ్యాలో ఆ చేతికి నాకంటే ముందు తెలిసింది. “సార్, జరంత తిరిగి, మల్ల గదే పెట్టె!” ఆ తర్వాత మళ్ళీ జరంత, మళ్ళీ అదే పెట్టె. ఆడపిల్లలంతా లేచి చుట్టూ చేరారు. “గట్ల కాదే, ఇంక జర తక్కువ తిప్పు సారును!” అని ఒకరు. “నువ్వాగవే, నేను చెప్తున్న గద!” అని మెల్లమ్మ. నన్ను ఎద్దును తిప్పినట్టు తిప్పారు. గోదాము నడుమన పెట్టెలన్నీ ఒకదాని మీద ఒకటి వాలి, పెద్ద పువ్వు విచ్చుకుంది.

అప్పుడు గుమ్మంలో అత్త గొంతు వినిపించింది. “నా ముగ్గు డబ్బా ఏడున్నదని ఇల్లంత దేవులాడుతున్న! ఓరి నీ బుద్ధి మండ, పత్తి గోదాముల ముగ్గేందిరా? కాళ్ళేంది గట్ల పిండిల ముంచినట్టు?” ఆమె వెనకే చాయ తాగి మామ వచ్చాడు, టై సారుతో. మామకు తన గోదాములోకి తాను వచ్చేటప్పుడు కిందికి చూసుకునే అలవాటు లేదు. చెయ్యి ఊపుకుంటూ లోపలికి అడుగు ఎత్తాడు.

“అక్కడనే ఆగుండ్రి! తొక్కకుండ్రి!”

మెల్లమ్మ. మామను! యార్డులో పెద్ద పెద్ద బేరగాళ్ళు ఎవరి ముందు గొంతు తగ్గించి మాట్లాడతారో, ఆయన్ను. మామ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు.

అంతలో కరెంటు వచ్చింది. మెల్లమ్మ ఎవరూ పిలవకుండానే వెళ్ళి కుర్చీలో కూర్చుంది. నేను పక్కన నిలబడి అక్షరాలు వెతికిపెడుతుంటే, తాబేలును ముందుకు నడిపింది, తిప్పింది, మళ్ళీ నడిపింది. గచ్చు మీది పువ్వు తెర మీద పూసింది. టై సారు నోరు తెరిచి, టై కొస నోట్లో పెట్టుకున్నాడు. తలుపు దగ్గర హోటలు మిత్రులు ఈలలు వేశారు. మామ “కొంటున్నం!” అని గోదాము అదిరేలా ప్రకటించాడు. అత్త అందరికీ బెల్లం పంచింది. బజారు బజారంతా గుమిగూడింది.

ఇదీ సంగతి. ఇప్పుడు మోకాలు నొప్పి పెడుతోంది కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం కరెంటు రాలేదు.

కరెంటు వచ్చిందన్న దగ్గర నుంచి బెల్లం దాకా నేను కల్పించిందే. ఎన్నో ఏళ్ళుగా ఇలాగే చెబుతున్నాను, చెప్పగా చెప్పగా బెల్లం రుచి కూడా గుర్తొస్తోంది. జరిగింది ఇంతే: టై సారు కరెంటు కోసం కాసేపు చూసి, చీకటి పడకముందే బయలుదేరాలని, కంప్యూటరును మళ్ళీ దుప్పట్లో చుట్టి జీపెక్కించుకొని వెళ్ళిపోయాడు. ఆయన భుజాల మీద పత్తి నూగు అలాగే ఉంది, పాపం. మామ కంప్యూటరు కొంటాననలేదు. ఎత్తిన కాలు వెనక్కి పెట్టుకొని, పువ్వు అంచు వెంట గోడ పట్టుకొని పక్క పక్కగా నడిచి తన కుర్చీ దాకా వెళ్ళి కూర్చున్నాడు. అక్కడి నుంచే, “పొల్లా, నీ అసలు పేరేంది?” అని అడిగాడు. ఆమె చెప్పింది. ఎవరి చెవిలోనూ కాదు, ఆయనకే.

దసరా వెళ్ళాక పత్తి దిగింది. నేను చొక్కా మార్చుకొని, నోరు మూసుకొని, కాంటా దగ్గరికి వెళ్ళి స్టూలు తుడుచుకుంటున్నాను. హమాలీలు మొదటి బోరెం వీపున వేసుకొని గుమ్మం దాటుతుంటే మామ గొంతు వినిపించింది. “ఇటు దిక్కు దించుండ్రి. గా దిక్కు పోతె కాళ్ళిరుగుతయి. ముగ్గు తొక్కకుండ్రి.” గా దిక్కున అప్పటికి ముగ్గు కూడా లేదు, ఎప్పుడో చెరిగిపోయింది. సాయంత్రం పిల్లలు వచ్చి మళ్ళీ వేశారు. ఆ చలికాలమంతా ఒకపక్క బోరాలు, ఒకపక్క మేము. లేని కంప్యూటరును నేను నడిచి చూపించాను, పిల్లలు నన్ను నడిపించారు. చాలా కాలానికి ఎవరో మూసేసిన దుకాణంలోంచి పాతది ఒకటి మామ తెప్పించాడు. పిల్లలు దాని ముందు కూర్చొని, తెలిసిన చుట్టాన్ని పలకరించినట్టు పలకరించారు. వాళ్ళ లెక్కన అది సార్ చేసే పనే చేస్తుంది. ఏ కాంటాకూ తగలకుండా చేస్తుంది, అంతే తేడా.

ఇంకొకటి కూడా ఉంది, అది కల్పన కిందికి వస్తుందో రాదో మీరే చెప్పండి. ఆ రోజు గోడ దగ్గరే కాదు, కాంటా దగ్గర కూడా ఆమె గుసగుసగా ‘ఆగుండ్రి’ అంది. నాకు వినపడింది, వినపడనట్టు నడిచాను. ఆ వయసులో నా చెవులు పాము చెవులు. ఇప్పుడు మాత్రం నిజంగానే సరిగా వినపడడం లేదు. మా ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే అందదు, మా అమ్మాయి ఫోనులో చెప్పేది సగమే అందుతుంది. కానీ ఈ కథ ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి నా చెవుడును ఎవరూ నమ్మరు. నేను కావాలనే చేస్తున్నాననుకొని ఇంకొంచెం గొంతు పెంచుతారు. నేను తల ఊపుతూ కూర్చుంటాను. గొంతులు బాగానే లేస్తున్నాయి.